చేపలు పాడిన వేసవి

చేపలకి పాట నేర్పిన మనిషి ఈ భూమండలం మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కణ్ణి నేనే. కావాలంటే మా వీధిలో ఎవరినైనా అడగండి. నిరుడు వేసవిలో పొద్దు వాలేసరికి మా పెరటి గోడ మీద పిల్లలు పిట్టల్లా వరసగా కూర్చునేవాళ్ళు. పెద్దవాళ్ళు కూడా ఏదో పనున్నట్టు వచ్చి నిలబడేవాళ్ళు. తొట్టిలో చేపలన్నీ పైకి తేలి, నోళ్ళు గుండ్రంగా తెరిచి, ఒకే శ్రుతిలో పాడేవి. నేను పక్కన నిలబడి చీపురుపుల్లతో తాళం వేసేవాణ్ణి.

ఇందులో అబద్ధం చాలా తక్కువ. చీపురుపుల్ల నిజం. గోడ మీద పిల్లలు నిజం. చేపలు నోళ్ళు తెరవడం కూడా నిజమే. పాట ఒక్కటే అబద్ధం. ఆ నోళ్ళు ఎందుకు తెరుచుకునేవో చెప్పాలంటే మా అక్క దగ్గర్నుంచి రావాలి.

అక్క పైపుల ఫ్యాక్టరీలో పనిచేసేది. ఎండలు ముదురుతుండగా ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చివరి రోజు అందరూ కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తే, మా అక్క ఆటో నిండా పైపు ముక్కలతో వచ్చింది. పారేసేవే కదా, పట్టుకుపొమ్మన్నారట.

"ఇవేంటే?" అంది అమ్మ.

"పెరట్లో చేపలు పెంచుతాను."

అమ్మ అక్క నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

జ్వరం కాదు. అక్క అంతా ఆలోచించుకునే వచ్చింది. ఒక పెద్ద తొట్టిలో చేపలు. పక్కన గులకరాళ్ళు నింపిన చిన్న తొట్టెల్లో ఆకుకూరలు. చేపల నీళ్ళని మోటారు రాళ్ళలోకి ఎక్కిస్తుంది. నీళ్ళలో ఉన్న మురికిని మొక్కలు తినేస్తాయి, తేరిన నీళ్ళు మళ్ళీ చేపల దగ్గరికి జారతాయి. మట్టి అక్కర్లేదు, నీళ్ళు పారబోయక్కర్లేదు. బస్టాండు క్యాంటీన్ ఆయన, వానలు పడేసరికి చేపలు చేతికొస్తే అన్నీ తనే తీసుకుంటానని మాటిచ్చాడు. ఆ మాట మీద అక్క తన ఆఖరి జీతమంతా పట్టుకెళ్ళి చేపపిల్లలుగా మార్చి తెచ్చింది. ఇక గాలి యంత్రం కొనడానికి ఏమీ మిగల్లేదు.

"గాలి ఊరికే దొరుకుతుందిగా అక్కా," అన్నాను.

"దొరుకుతుంది. దాన్ని నీళ్ళలోకి దింపడమే పని. నువ్వు దింపుతావా?"

మొదటి యంత్రం ప్లాస్టిక్ సీసాతో చేశాం. కాల్చిన సూదితో సీసాకి చిల్లులు పొడిచే పని నాది. చాలా శ్రద్ధగా పొడిచాను. మోటారు వేయగానే నీళ్ళు తొట్టిలోకి తప్ప మిగతా అన్ని దిక్కులకీ వెళ్ళాయి. దండెం మీద ఆరిన బట్టలన్నీ మళ్ళీ తడిశాయి. పక్కింటి మిషనత్త గోడ మీంచి తలెత్తి, "వానా?" అంది.

మిషనత్త అంటే బట్టలు కుట్టే ఆవిడ. ఆవిడ మిషను ఉన్న గది కిటికీ మా పెరట్లోకే తెరుచుకుంటుంది. మా ఇంట్లో జరిగే సంగతులు మాకంటే కాస్త ముందే ఆవిడకి తెలిసేవి.

రెండో యంత్రం బుడగలు వదిలింది. గుడ్డంత బుడగలు. నేను చప్పట్లు కొట్టాను.

"చాల్లే," అంది అక్క. "పెద్ద బుడగ పనికిరాదురా. గబగబా పైకొచ్చి టప్పుమని పగిలిపోతుంది. నీళ్ళకి ఏమీ ఇవ్వదు. నీలాగే."

"నేనేం చేశాను?"

"అదే చెబుతున్నా. ఏమీ చేయవు."

మూడోదాన్ని అక్క ఒక్కతే కూర్చుని చేసింది. మోటారు నుంచి నీళ్ళొచ్చే పైపుకి మధ్యలో ఒకచోట సన్నటి ముక్క అతికించింది. దాన్ని గొంతు అనేది. నీళ్ళు ఆ సన్నటి గొంతులోంచి విసురుగా పోయేటప్పుడు పక్కనున్న గాలిని కూడా తమతో లాక్కుపోతాయట. ఆ గొంతుకి నాలుగు చిల్లులు పెట్టి, నాలుగు సెలైన్ గొట్టాలు దూర్చి, వాటి రెండో కొసలు నీళ్ళకి పైన గాల్లో నిలబెట్టింది. మోటారు వేసింది. గొట్టాలు స్‌స్‌మని గాలి పీల్చాయి. తొట్టి అడుగున నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. అన్నీ ఇసుక రేణువుల్లాంటి బుడగలు.

తాతయ్య ఒక గొట్టం కొసకి వేలు ఆనించి చూశాడు. వేలు అతుక్కుపోయింది.

"ఊపిరి తీసుకుంటోందే!" అన్నాడు. వేలు తీసి మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

తాతయ్య అంటే అమ్మకి నాన్న. ఉద్యోగం చేసినన్నాళ్ళూ రైలు గేటు దగ్గర కాపలా. రైలొచ్చే ముందు గేటు వేసి, స్టేషనుకి ఫోన్‌లో "గేటు పడింది" అని అరిచి, అవతలి నుంచి "విన్నాను" అనే మాట వచ్చేదాకా ఫోను పెట్టకూడదు. ఉద్యోగం అయిపోయింది కానీ ఈ అలవాటు పోలేదు. గ్యాస్ కట్టేస్తే "గ్యాస్ బంద్!" అనేవాడు. గడియ పెడితే "తలుపు పడింది!" అనేవాడు. ఇంట్లో ఎవరో ఒకరు "విన్నాం" అనాలి. అనకపోతే మళ్ళీ అరిచేవాడు. స్నానాల గదిలో ఒంటి నిండా సబ్బుతో ఉన్నా సరే, అనాల్సిందే. "నా గేటు దగ్గర ఒక్క కోడి కూడా చావలేదు," అని చెప్పుకునేవాడు. కోళ్ళని అడగడానికి వీల్లేదు కాబట్టి మేం ఒప్పుకునేవాళ్ళం.

అక్క పనులు పంచింది. మోటారు మూతికి కట్టిన వలలో చెత్త చేరుతుంది. రోజూ సాయంత్రం మోటారు ఆపి, వల దులిపి, మళ్ళీ వేసే పని తాతయ్యది. ఆ పని ఇచ్చిన మర్నాటి నుంచి తాతయ్య పొద్దున్నే గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. చేపలకి మేత వేసే పని అమ్మది. నా పని ఏదీ ముట్టుకోకుండా ఉండటం. ఇంత బరువైన బాధ్యత ఆ ఇంట్లో ఇంకెవరికీ లేదు.

కొన్నాళ్ళు మోశాను. ఈలోగా అక్క పైపులు అమ్మే కొట్లో పనికి కుదిరింది. అమ్మ ఎలాగూ ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోటుకి పొద్దున్నే వెళ్ళిపోతుంది. ఇంట్లో నేనూ, తాతయ్యా, చేపలూ మిగిలాం. ఒక పూట మిషనత్త మనవరాలు వదిలేసి వెళ్ళిన రబ్బరు బాతు దొరికింది. నొక్కితే కీచుమంటుంది. అది ఎందుకు కీచుమంటుందో చూడాలనిపించి కడుపు కోశాను. లోపల చిటికెనవేలి గోరంత పీక ఉంది. నోట్లో పెట్టుకుని పీలిస్తే కూసింది.

పీలిస్తే కూసేదాన్ని, ఎప్పుడూ పీలుస్తూ ఉండే గొట్టానికి పెట్టకుండా ఎవరైనా ఉండగలరా? పెట్టాను. సన్నగా కుయ్‌మంది. దోమ మూలిగినట్టు. పక్క గొట్టం కొసని బొటనవేలితో మూశాను. కాస్త గొంతు లేచింది. మిగతా మూడూ మూస్తే ఆ పీల్పంతా ఈ ఒక్క గొట్టానికే వచ్చి, పెరడంతా మార్మోగింది. మూడు వేళ్ళతో అలా ఎంతసేపు నిలబడతాం? లోపలికి పోయి మూడు పెన్ను క్యాపులు తెచ్చి బిగించాను.

మొదటి శ్రోత మిషనత్త.

"అత్తా, మా చేపలు పాడుతున్నాయి."

"నీ మొహం," అంది. కానీ వచ్చింది. గోడ మీంచి తొంగిచూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అయ్యబాబోయ్! నిజంగానే నోళ్ళు తెరుస్తున్నాయిరోయ్!"

అప్పటిదాకా నేనూ గమనించలేదు. క్యాపులు పెట్టిన కాసేపటికి చేపలు ఒక్కొక్కటే పైకొచ్చాయి. నీటి పైపొరకి మూతులు ఆనించి తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. చూడ్డానికి పాడుతున్నట్టే ఉంది. నా అదృష్టం ఇంత బావుంటుందని నేనే అనుకోలేదు.

వారం తిరిగేసరికి నాకు వీధిలో గౌరవం పెరిగింది. పిల్లలు నన్ను మాస్టారూ అనేవాళ్ళు. పొద్దు వాలుతుండగా క్యాపులు పెట్టేవాణ్ణి. పాట అయ్యేసరికి తాతయ్య వచ్చి వల దులపడానికి మోటారు ఆపేవాడు. పాట ఆగిపోయేది, పిల్లలు ఇళ్ళకి పోయేవాళ్ళు. ఆయన దులిపి మళ్ళీ మోటారు వేసేలోపు నేను క్యాపులు పీకి జేబులో వేసుకునేవాణ్ణి. ఎవరికీ ఏ నష్టమూ లేదు. అలా అనుకున్నాను.

అక్క పీక సంగతి రెండో రోజే పట్టేసింది. అప్పటికి క్యాపులు పీకి నా జేబులో వేసుకున్నాను. గొట్టం కొస పీకి, పీక చేతిలోకి తీసుకుని, నా వైపు చూసింది. నేను చెంప సిద్ధం చేసుకున్నాను.

"ఉంచు," అంది. "మోటారు తిరుగుతుంటే మోగుతుంది. ఆగితే ఆగిపోతుంది. ఎక్కడున్నా తెలుస్తుంది. మొదటిసారి పనికొచ్చే పని చేశావురా."

మిగతా మూడు గొట్టాల గురించి ఆమె అడగలేదు. అడగని వాటికి జవాబులు చెప్పే అలవాటు నాకు లేదు.

తాతయ్య మాత్రం ఒక సాయంత్రం తొట్టి పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఎందుకురా ఇవి ఇలా నోళ్ళు తెరుస్తున్నాయి?"

"పాట తాతయ్యా. నోరు తెరవకుండా పాడతారా ఎవరైనా?"

"పొద్దున ఇలా లేవే."

"పొద్దున గొంతు దాచుకుంటాయి."

నవ్వాడు. నవ్వుతూనే మళ్ళీ నీళ్ళలోకి చూశాడు. "పాటలా లేదురా. గాలి మింగుతున్నట్టుంది. అక్కతో ఓసారి చెప్పు."

"చెబుతాలే," అన్నాను.

చెప్పలేదు.

ఎండలు మండిపోయిన రోజు ఒకటొచ్చింది. ఆ రోజు కొళాయిలో నీళ్ళతో నేరుగా టీ పెట్టుకోవచ్చు. మా వీధి కుక్క నీడలో నిలబడి నీడకే చెమట పట్టిందేమోనని చూసుకుంది. సాయంత్రం పాటకి మాత్రం జనం తగ్గలేదు. చేపలు కూడా ఎప్పటికంటే త్వరగా పైకొచ్చి, ఎప్పటికంటే గట్టిగా నోళ్ళు తెరిచాయి. ఈ రోజు బాగా కుదిరింది అనుకున్నాను. తాతయ్య వచ్చి మోటారు ఆపాడు. పిల్లలు వెళ్ళిపోయారు. సరిగ్గా అప్పుడే వీధిలోంచి నా జట్టువాళ్ళు పిలిచారు. మ్యాచ్‌కి ఒకడు తక్కువయ్యాడట. నేను పరుగెత్తాను. వీధి తలుపు దాటుతుంటే వెనకనుంచి వినపడింది.

"మోటార్ ఆన్!"

"విన్నాను తాతయ్యా!" అని అరిచి వెళ్ళిపోయాను.

క్యాపులు తీయడం మర్చిపోయాను. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉంటుందేమోనని తర్వాత చాలా వెతికాను. దొరకలేదు.

ఆ రోజు కొట్లో సరుకు దిగిందని అక్క ఆలస్యంగా వచ్చి, తిని పడుకుంది. అందరం ముందు గదిలో కూలరు దగ్గరే పడుకుంటాం. ఆ కూలరు మోతకి మా పైకప్పు మీద విమానం దిగినా తెలీదు. పెరటి తలుపు వేసే ఉంది.

తెల్లవారుతుండగా దాహం వేసి లేచాను. వంటగదిలోకి వచ్చేసరికి పాట వినపడింది. పూర్తి గొంతుతో. తలుపు తీశాను. తొట్టి నిండా తెల్లటి కడుపులు. ఒకదానికొకటి ఆనుకుని, మెల్లగా తిరుగుతున్నాయి. పైన పీక మాత్రం ఆగకుండా పాడుతోంది.

ముందు మోటారు ఆపాను. ఆ పాట వినలేక ఆపాను, అంతే. తర్వాత క్యాపులు పీకి జేబులో వేసుకున్నాను. జేబులోంచి చెయ్యి బయటికి తీసేసరికి అక్క గుమ్మంలో ఉంది.

వచ్చి తొట్టి అంచు పట్టుకుంది.

"మోటారు ఎందుకు ఆగిపోయింది?"

"నేను వచ్చేసరికే ఆగి ఉంది."

చూడండి, ఆ మాటలో ఎవరి పేరూ లేదు. అప్పుడు దాన్ని నా తెలివి అనుకున్నాను.

అమ్మ వచ్చింది. తాతయ్య వచ్చాడు. మిషనత్త తల ఒక్కటి గోడ మీదికి రాలేదు. కూతురికి నొప్పులొస్తున్నాయని ఫోనొస్తే తెల్లవారకముందే మొదటి బస్సుకి వెళ్ళిపోయిందట.

"నేను వేశాను," అన్నాడు తాతయ్య. ఎవరూ అడగలేదు. "వల దులిపి వేశాను. వేయగానే కూసింది కూడా." ఆగాడు. "అది నిన్నటిదో, మొన్నటిదో..."

"నాన్నా, నువ్వు లోపలికి పద," అంది అమ్మ.

"చెప్పాను కదమ్మా. మోటార్ ఆన్ అన్నాను. ఎవరో విన్నాను అన్నారు. ఎవరు విన్నారు?"

నిన్న ఆ వేళకి అమ్మ పని నుంచి రాలేదు. అక్క రాలేదు. ముగ్గురూ నా వైపు చూశారు.

నేను తల అడ్డంగా ఊపాను. ఎక్కువ కాదు. ఈగని తోలినంత.

తాతయ్య తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు, దాన్ని అడిగి తెలుసుకుందామన్నట్టు.

చేపల్ని బకెట్లతో ఎత్తి పారేశాం. నేనే ఎక్కువ బకెట్లు మోశాను. అమ్మ నన్ను చూసి, "వీడికి కూడా బాధ తెలుస్తుందే," అంది. అక్క క్యాంటీన్ ఆయనకి ఫోను చేసి ఇక ఎదురుచూడొద్దని చెప్పింది. తాతయ్యని ఒక్క మాట అనలేదు. "పోనీలే తాతయ్యా, ఎవరికైనా జరుగుతుంది," అంది. తిట్టి ఉంటే ఆయన ఎదురు తిరిగేవాడేమో. ఆ మాటకి మాత్రం మొహం వాడిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో అందరికీ పాతవన్నీ గుర్తు రావడం మొదలైంది. ఎప్పుడో పాలు పొంగబెట్టాడని అమ్మ. ఒకసారి గొడుగు బస్సులో వదిలేశాడని అక్క. "మొన్న కళ్ళజోడు పెట్టుకునే కళ్ళజోడు వెతికాడు," అని ఇంకొకళ్ళు. ఆ ఇంకొకణ్ణి నేనే. నవ్విద్దామని అన్నాను. ఎవరూ నవ్వలేదు. అమ్మ మెల్లగా తల పంకించింది.

తాతయ్య అరవడం మానేశాడు. ఇల్లు ఒక్కసారిగా చాలా పెద్దదైపోయినట్టు అనిపించింది. ఏ పని చేసినా ఇప్పుడు గట్టిగా చెప్పడు, నా దగ్గరికొచ్చి మెల్లగా అడుగుతాడు.

"ఒరే, కొళాయి కట్టానా?"

"కట్టావు తాతయ్యా."

"చూసి చెప్పు."

వెళ్ళి చూసొచ్చేవాణ్ణి. "కట్టి ఉంది."

"నువ్వొక్కడివి ఉన్నావు కాబట్టి సరిపోయిందిరా," అనేవాడు.

ఈ మాట వినడానికి రోజుకి ఎన్నిసార్లయినా వెళ్ళి కొళాయి చూసి వచ్చేవాణ్ణి. వేడి నీళ్ళు మీద పోసుకున్నట్టుండేది. అయినా వెళ్ళేవాణ్ణి.

అమ్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ నన్నూ రమ్మంది. డాక్టరు కాగితం ఇచ్చి గడియారం గీయమన్నాడు. తాతయ్య చక్కగా గీశాడు. అంకెలన్నీ పెట్టాడు, చెప్పిన వేళకి ముళ్ళు పెట్టాడు. పెట్టి, డాక్టరుకి ఇవ్వకుండా నా వైపు తిప్పాడు.

"సరిగ్గానే ఉందారా?"

"సరిగ్గా ఉంది తాతయ్యా."

"బాగా చూడు."

డాక్టరు గడియారాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూసి, "ఇది బాగానే ఉందండీ. మనిషే బాగా భయపడి ఉన్నారు," అన్నాడు. "మొదట ఎప్పుడు గమనించారు?"

"చేపలు పోయినప్పుడండీ," అంది అమ్మ.

అక్కడ నోరు తెరిచాను. డాక్టరు నా వైపు చూశాడు. "బాత్రూం ఎటండీ?" అని అడిగాను.

మావయ్య ఇంటికి వెళ్ళిపోతానన్నది తాతయ్యే. మావయ్యకి ఇంటి కిందే కొట్టు, ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. అంతకుముందు అక్కడికి వెళ్ళమంటే, "కిటికీ తీస్తే ఎదురుగా గోడ. గోడతో ఏం మాట్లాడను?" అని రెండో రోజే తిరిగొచ్చేసేవాడు.

"ఇక్కడే ఉండు నాన్నా. వీడు ఉంటాడుగా ఇంట్లో," అంది అమ్మ.

"వీడు ఎన్నాళ్ళు కాపలా కాస్తాడమ్మా? ఈసారి చేపలు. రేపు మీరంతా పడుకున్నాక గ్యాస్ వదిలేశాననుకో?"

దానికి జవాబు నా దగ్గర ఉంది. అద్దం ముందు నిలబడి చాలాసార్లు చెప్పి చూసుకున్నాను. అద్దానికి అంతా తెలుసు. ఇంట్లో వాళ్ళ ముందుకొచ్చేసరికి ఆ మాటలు ఏవో వెటకారాలుగా మారిపోయేవి. ఒకరోజు తాతయ్య బట్టలు మడత పెడుతుంటే పక్కన కూర్చుని, "అక్కడ గోడకి నీ గురించి నేను ఫోన్ చేసి చెబుతాలే," అన్నాను. నా తల నిమిరాడు.

ఆయన వెళ్ళాల్సిన రోజు మధ్యాహ్నం మొదటి వాన పడింది. పెరట్లో ఎండిపోయిన గులకరాళ్ళ మీద టపటపమంటూ మొదలైంది. మావయ్య ఆటో తీసుకుని వస్తానన్నాడు. తాతయ్య గడ్డం గీసుకోకుండానే చొక్కా మార్చుకుని, సంచీ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. అక్క సెలవు పెట్టింది. అమ్మ సంచీలోంచి మందులు తీసి మళ్ళీ సర్దుతోంది.

మిషనత్త తల మీద కొంగు కప్పుకుని తడుస్తూ లోపలికొచ్చింది.

"వదినా! ఆడపిల్ల! అచ్చం మా ఆయన ముక్కే. దాని ఖర్మ, ఏం చేస్తాం!"

అమ్మ నవ్వి తువ్వాలు ఇచ్చింది. ఆవిడ తల తుడుచుకుంటూ పెరటి వైపు చెవి పెట్టింది.

"ఏంటి, పాట ఆపేశారా? బతికించారు. ఇంతకీ వదినా, నేను మీతో పోట్లాట బాకీ ఉన్నాను."

"పోట్లాటా?"

"లేకపోతే! పిల్లకి నొప్పులొచ్చిన రోజు. తెల్లార్లూ గొంతు చించుకుని పాడాయి మీ చేపలు! రోజూ పొద్దు వాలాక కాసేపు పాడి ఊరుకునేవి కదా, ఆ రోజు వాటికేం పుట్టిందో! కిటికీ వేసుకుంటే ఉక్క, తీస్తే పాట. ఒక్క కునుకు పడితే ఒట్టు. ఇక లాభం లేదని లేచి, మీ అందర్నీ కలిపి తిడదామని గోడ దాకా వచ్చాను. ఇంతలో ఫోను మోగింది, బస్సుకి పరుగెత్తాను. తిట్లన్నీ అలాగే ఉండిపోయాయి. చేపలేవీ? అమ్మేశారా?"

అక్క గోడకి ఆనుకుని ఉన్నదల్లా నిటారుగా నిలబడింది.

"పిల్లకి నొప్పులొచ్చిన రోజా అత్తా?"

"అదేనే. బస్సెక్కేటప్పుడు కూడా వినపడుతూనే ఉంది వీధి చివరికి."

తాతయ్య తల ఎత్తాడు. మాట చాలా నెమ్మదిగా వచ్చింది.

"మోటారు తిరగకపోతే అది కూయదు కదమ్మా."

"కూయదు తాతయ్యా," అంది అక్క. ఆమె ఆయన్ని చూడటం లేదు. నన్ను చూస్తోంది. "తెల్లార్లూ తిరిగింది. మరి నేను వచ్చేసరికి ఎవరు ఆపారు?"

నాకు అలవాటైన నవ్వు మొహం మీదికొచ్చింది. దాన్ని నేను పిలవలేదు.

"చేపలే ఆపి ఉంటాయి. గొంతు నొప్పెట్టి," అన్నాను.

అమ్మ చెయ్యి లేచింది. తాతయ్య దాన్ని మధ్యలోనే పట్టుకున్నాడు.

"ఆగమ్మా. వాణ్ణి చెప్పనీ." నా వైపు తిరిగాడు. "ఒరే, ఇలా రా. కూర్చో. మొదట్నుంచి చెప్పు."

ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను. ఆయన మొహం చూడలేక సంచీ పిడి చూస్తూ మొదలుపెట్టాను. రబ్బరు బాతు కడుపు కోశానని చెప్పాను.

"ఊ. తర్వాత?"

మూడు గొట్టాలు మూస్తే గట్టిగా కూస్తుందని కనిపెట్టానని చెప్పాను. అక్క నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుంది. చేపలు నోళ్ళు తెరిచింది గాలి అందకేనని ఆమెకి అప్పుడే అర్థమైంది.

"మూడూ మూసేశావా?" అంది. "రోజూనా?"

"రోజూ."

"నేను అడిగాను కదరా, ఇవి గాలి మింగుతున్నాయని," అన్నాడు తాతయ్య. కోపంగా కాదు. తను అలా అన్నది నిజమేనా అని సరిచూసుకుంటున్నట్టు.

"అడిగావు. అక్కతో చెప్పమన్నావు. నేను చెప్పలేదు."

"తర్వాత?"

మ్యాచ్‌కి పిలిచారని చెప్పాను. క్యాపులు తీయడం మర్చిపోయానని చెప్పాను. మిషనత్త తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూలబడింది. నేను పుట్టాక ఆవిడ నోట మాట రాకపోవడం అదే మొదటిసారి. బయట ఆటో వచ్చి ఆగింది. మావయ్య హారన్ కొడుతున్నాడు. ఎవరూ లేవలేదు.

"తర్వాత?"

"పొద్దున లేచి చూస్తే అన్నీ పోయి ఉన్నాయి. అది ఇంకా మోగుతోంది. నాకు భయమేసింది."

"తర్వాత?"

ఇక దాటవేయడానికి ఏమీ మిగల్లేదు. సంచీ పిడి వదిలేసి ఆయన మొహంలోకి చూశాను. పెరిగిన గడ్డం తెల్లగా, గరుగ్గా ఉంది. కళ్ళు మాత్రం నా నోటి మీదే ఉన్నాయి.

"తర్వాత ఏం లేదు తాతయ్యా. మోటారు నువ్వు వేశావు. ఆపింది నేను."